ఆంధ్రా బ్యాంకు బందరులో ఎందుకు పుట్టింది? స్థాపకులు, మూలధనం, మీ తాతగారి కాగితాల సంగతి

గుంటూరు నుంచి మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. మీ తాతగారి ఇనప్పెట్టెలో 1950ల నాటి ఆంధ్రా బ్యాంకు లిమిటెడ్ షేరు సర్టిఫికెట్, ఒక పాత పాస్‌బుక్కు దొరికాయి. బెజవాడ, గుంటూరు ఉండగా ఆ బ్యాంకును బందరులో, అందులోనూ ఒక డాక్టరు (పట్టాభి సీతారామయ్య గారు), ఎందుకు పెట్టారన్నది మొదటిది. లక్ష రూపాయలతోనే మొదలైందన్న మాట నిజమేనా అన్నది రెండోది. ఆ కాగితాలకు ఇప్పుడేమైనా విలువ ఉందా అన్నది మూడోది. విజయవాడలోనూ గుంటూరులోనూ బ్యాంకు ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

లక్ష రూపాయల మాటతో మొదలుపెడతాను. ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న కంపెనీగా రిజిస్టరై, అదే నెల 28న మచిలీపట్నంలో లావాదేవీలు ప్రారంభించింది. అధీకృత మూలధనం, అంటే వాటాలుగా సేకరించడానికి అనుమతి ఉన్న గరిష్ఠ మొత్తం, 10 లక్షల రూపాయలు; చెల్లించిన మూలధనం, అంటే వాటాదారులు నిజంగా కట్టిన సొమ్ము, లక్ష రూపాయలు. కాబట్టి మీరు విన్నది నిజమే. అయితే ఆ లక్ష పట్టాభి గారు తన జేబులోంచి తీసి పెట్టారన్నట్టు మన వైపు చాలామంది చెప్పుకుంటారు, అది సరికాదు. అది వాటాలుగా వచ్చిన సొమ్ము. 1913 కంపెనీల చట్టం ప్రకారం పబ్లిక్ కంపెనీకి కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఆ రోజుల్లో బ్యాంకు పెట్టడానికి ప్రత్యేకమైన లైసెన్సు అక్కరలేదు, అడగడానికి రిజర్వు బ్యాంకూ లేదు. అది పని మొదలుపెట్టింది 1935లో. ఒక బియ్యం మిల్లు కంపెనీ ఏ చట్టం కింద రిజిస్టరయ్యేదో బ్యాంకు కూడా ఆ చట్టం కిందే రిజిస్టరయ్యేది.

ఆ లక్ష ఎంత పెద్దదో, ఎంత చిన్నదో తెలియాలంటే పక్కన మరికొన్ని అంకెలు పెట్టి చూడాలి. 1921లో మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులను కలిపి ఏర్పాటు చేసిన ఇంపీరియల్ బ్యాంకుకు చెల్లించిన మూలధనమే 5 కోట్ల 62 లక్షల పైచిలుకు. రిజర్వు బ్యాంకు చట్టం వచ్చాక షెడ్యూల్డ్ బ్యాంకుగా గుర్తింపు పొందాలంటే మూలధనం, నిల్వలు కలిపి కనీసం 5 లక్షలు ఉండాలన్నారు. మరోవైపు 1936లో కంపెనీల చట్టాన్ని సవరించినప్పుడు బ్యాంకు పెట్టడానికి కావలసిన కనీస మూలధనాన్ని 50 వేలుగా నిర్ణయించారు. అంటే 1923లో బందరు వాళ్ళు పోగుచేసిన మొత్తం పదమూడేళ్ళ తర్వాత చట్టం అడిగిన కనీసానికి రెట్టింపు, పెద్ద బ్యాంకుల పక్కన పెడితే మాత్రం లెక్కలోకి రానంత చిన్నది. చిన్న మూలధనంతో నడిచే బ్యాంకుకు ప్రాణం డిపాజిట్లలో ఉంటుంది, డిపాజిట్లు రావాలంటే జనానికి నమ్మకం కలగాలి. ‘డాక్టరు ఎందుకు?’ అన్న మీ ప్రశ్నకు జవాబు అక్కడే మొదలవుతుంది.

కృష్ణా డెల్టాలో డబ్బుకు లోటు లేదు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి, కాలువల కింద వరి నిలకడగా పండడం మొదలైన తర్వాత పంట అమ్మిన సొమ్ము ఊరూరా కొన్ని ఇళ్ళలో నిల్వ ఉండేది. దానితో మరికొంత పొలమో బంగారమో కొనేవారు, లేదంటే వడ్డీకి ఇచ్చేవారు. అప్పు కావలసినవాడు ఆ ఇంటి అరుగు ఎక్కవలసిందే. మన ఊళ్ళలో వడ్డీ మాట ఈనాటికీ నూటికి నెలకు ఇన్ని రూపాయలనే సాగుతుంది. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24. రైతు దుక్కి నాడు తెచ్చిన అప్పు కోత నాటికి తీరాలి. శిస్తు వాయిదా మధ్యలో వచ్చి పడితే పంట ధర పలకకముందే ధాన్యం అమ్ముకోవాలి, లేకుంటే మరో నోటు రాయాలి.

ఆ నోటు సంగతి కొత్తతరం వారికి తెలియదు కనుక ఒక్క మాట. రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకమో వేలిముద్రో పడేలా రాసిన ప్రోనోటుకు కాలపరిమితి మూడేళ్ళు. ఆ లోపల అప్పుదారు కొంత చెల్లించి, నోటు వెనుక తన చేతితో చెల్లు రాస్తే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క. లేకపోతే అసలు, వడ్డీ కలిపి కొత్త నోటు తిరగరాయించుకుంటారు. అలా రెండుసార్లు తిరగరాసిన నోటులో మొదట చేతికొచ్చిన అసలు ఎంతో పట్టుకోవడం కష్టం. నా సర్వీసులో గుంటూరు జిల్లా రైతులు బ్యాంకు అప్పు కోసం వచ్చినప్పుడు బయటి బాకీల వివరంగా ఇలాంటి నోట్లు చూపించేవారు. వెనుక పక్క చెల్లులతో నిండిపోయి, అతికించిన కాగితపు ముక్క మీద కూడా చెల్లులు రాసిన నోటును నేను చూశాను.

కాబట్టి డెల్టాకు కావలసింది, ఉన్న డబ్బును ఒకచోటికి చేర్చి, తక్కువ వడ్డీకి, నిర్ణీత గడువుకు, లెక్క తేలేలా ఇవ్వగల సంస్థ. ఇంపీరియల్ బ్యాంకు చూపు ప్రధానంగా ప్రభుత్వ ఖజానా పనుల మీద, పెద్ద వర్తక కంపెనీల బిల్లుల మీద ఉండేది. పల్లెటూరి సంపన్న రైతు తన పంట సొమ్మును ఎవరి దగ్గర పెట్టాలి? 1906 అక్టోబరులో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ కూలిపోయి, తెల్లదొరల సంస్థ కదా అని నమ్మి సొమ్ము దాచుకున్న పింఛనుదారులు, వితంతువులు ఎందరో నష్టపోయిన కథ తెలుగు జిల్లాల్లో కూడా బాగా తెలిసినదే. ఆ దెబ్బ తర్వాతే మద్రాసులో 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. అయితే స్వదేశీ అన్న పేరు ఒక్కటే చాలదని 1913 తర్వాత తేలింది. ఉత్తరాదిలో స్వదేశీ ఊపులో పెట్టిన బ్యాంకులు వరసగా మూతపడ్డాయి. 1923లో ఒక తెలుగు బ్యాంకు పెడతామని బయలుదేరిన వారి మీద ఈ రెండు జ్ఞాపకాల బరువూ ఉంది.

భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1880లో గుండుగొలనులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివి, వైద్య పట్టా పొంది, బందరులో కొన్నేళ్ళు ప్రాక్టీసు చేసి, తర్వాత దాన్ని వదిలి పూర్తిగా ప్రజాజీవితంలోకి వచ్చారు. 1939 త్రిపురి కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో సుభాస్ చంద్రబోసు చేతిలో ఓడిన అభ్యర్థిగానూ, 1948లో కాంగ్రెసు అధ్యక్షుడిగానూ ఆయనను దేశం గుర్తుపెట్టుకుంది. మన ప్రశ్నకు అవన్నీ తర్వాతి మాటలు. 1923 నాటి పట్టాభి బందరులో ఇంటింటికీ తెలిసిన డాక్టరు, లెక్కలంటే చెవి కోసుకునే మనిషి, అప్పటికే ఒక సహకార బ్యాంకును నిలబెట్టిన కార్యకర్త.

మీరు రాసిన స్థాపకుల పేర్లలో ఒక సవరణ. ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు గార్లను కూడా బ్యాంకు స్థాపకులుగా పేర్కొన్నారు. ఆ ముగ్గురూ కలిసి పెట్టింది 1910 నాటి ఆంధ్ర జాతీయ కళాశాల. కోపల్లె వారు 1922లోనే కన్నుమూశారు, అప్పటికి బ్యాంకు లేదు. పట్టాభి పేరు పక్కన బందరు త్రయం పేర్లన్నీ కలిపి చెప్పడం అలవాటై ఈ పొరపాటు పుట్టింది. ఆ స్నేహబృందం వల్ల ఏర్పడిన వాతావరణం మాత్రం బ్యాంకుకు పనికొచ్చింది. 1902లో కొండా వెంకటప్పయ్య గారు, దాసు నారాయణరావు గారు బందరులో మొదలుపెట్టిన కృష్ణాపత్రిక ముట్నూరి వారి సంపాదకత్వంలో పల్లెల దాకా వెళ్ళేది. వెంకటప్పయ్య గారు అప్పుడు బందరులో వకీలు. గుంటూరుకు మారి దేశభక్తుడని పిలిపించుకున్నది ఆ తర్వాతే.

బందరే ఎందుకన్నదానికి కారణం పరిపాలనలో కొంత ఉంది. 1904లో గుంటూరు జిల్లా విడిపోయింది కానీ, 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడే వరకు ఏలూరు వైపు తాలూకాలన్నీ కృష్ణా జిల్లాలోనే ఉండేవి. అంత పెద్ద జిల్లాకు కలెక్టరు కచేరీ, జిల్లా కోర్టు ఉన్న ఊరు బందరు. దావాల కోసం భూస్వాములు, వారి కోసం వకీళ్ళు, దస్తావేజులు రాసేవారు, జీతం అందుకునే గుమాస్తాలు, ఉపాధ్యాయులు అందరూ అక్కడే. వాటా కొనగలిగినవాడు, కాగితం చదివి అర్థం చేసుకోగలిగినవాడు, డిపాజిట్టు పెట్టేవాడు ఒకే వీధిలో దొరికే ఊరు అది. ఓడరేవుగా బందరు ప్రాభవం తగ్గిపోయిందని మనం ఇప్పుడు అనుకుంటాం, నిజమే. కానీ కోర్టు, కచేరీ ఉన్నంత కాలం ఊళ్ళో డబ్బు మారకం తగ్గదు. బెజవాడ అప్పటికే రైల్వే జంక్షను, టోకు బజారు. నా అంచనా ఏమిటంటే, అక్కడి వర్తకులకు ఇచ్చిపుచ్చుకోవడాలు, హుండీలు (వర్తకులు ఒకరికొకరు రాసుకునే చెల్లింపు పత్రాలు) తమలో తాము నడుపుకునే ఏర్పాటు ముందే ఉంది కనుక, బ్యాంకు కావాలన్న ఆరాటం బందరు చదువుకున్న వర్గానికే ఎక్కువ కలిగింది. బెజవాడలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి ఈ మాట రాయడం నాకేమీ సరదా కాదు.

ఆంధ్రా బ్యాంకును ఒంటరిగా చూస్తే దాని ఉద్దేశం అర్థం కాదు. ‘రైతుల కోసం పెట్టిన బ్యాంకు’ అన్న మాట ప్రతి వ్యాసంలోనూ కనిపిస్తుంది. ఆ మాటను యథాతథంగా తీసుకుంటే, రైతు పొలం తనఖా పెట్టుకుని పదేళ్ళ గడువుకు అప్పు ఎందుకు ఇవ్వలేదన్న ప్రశ్న వస్తుంది. ఇవ్వకూడదు కనుకనే. ఏడాదికో, అడిగిన వెంటనేనో తిరిగి ఇస్తామని తీసుకున్న డిపాజిట్టును పదేళ్ళ పొలం అప్పులో పెట్టిన బ్యాంకు, ఒక్క వదంతి లేస్తే మునిగిపోతుంది. పట్టాభి గారి వరస చూడండి. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు. గ్రామ సంఘాల ద్వారా పంట అప్పులకు అది. 1923లో ఆంధ్రా బ్యాంకు. వర్తకానికి, పొదుపుకు అది. 1925లో ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీ. దానికి ప్రీమియంగా వచ్చే సొమ్ము ఏళ్ళ తరబడి నిలిచి ఉంటుంది. 1927లో భూమి తనఖా బ్యాంకు. పాత బాకీలు తీర్చుకోవడానికి, పొలం విడిపించుకోవడానికి కావలసిన దీర్ఘకాలపు అప్పు దాని పని. మద్రాసు రాష్ట్రస్థాయి భూమి తనఖా బ్యాంకు 1929లో గాని రాలేదు. అదే 1929లో భారతలక్ష్మి బ్యాంకు, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు.

ఏ సొమ్ము ఎంతకాలం నిలుస్తుందో, ఏ అప్పు ఎంతకాలానికి తీరుతుందో జత కలిపి, ఒక్కోదానికి ఒక్కో సంస్థ కట్టుకుంటూ వచ్చారు. ఈనాడు బ్యాంకర్లకు శిక్షణలో నేర్పే సూత్రాన్ని బ్యాంకింగు చదవని ఒక వైద్యుడు జిల్లా కేంద్రంలో కూర్చుని ఆచరణలో పెట్టారు. స్వాతంత్ర్యోద్యమ నాయకుడు బ్యాంకు కూడా పెట్టాడు అని పక్కన ఒక వాక్యంగా రాసేవారు ఈ కూర్పును పట్టించుకోరు, నాకు అదే అసంతృప్తి. తన సంస్థల్లో ఉత్తరప్రత్యుత్తరాలు తెలుగులో సాగాలని ఆయన పట్టుబట్టడం కూడా ఇందులో భాగమే. ప్రీమియం నోటీసును పక్కింటి ప్లీడరు గుమాస్తా చేత చదివించుకోవలసిన మనిషి పాలసీ తీసుకోడు.

మరి వర్తక బ్యాంకు ఎవరికి, దేని మీద అప్పు ఇస్తుంది? బంగారం మీద, సరుకు మీద. సరుకు అప్పును మా రోజుల్లో కీ లోన్ అనేవాళ్ళం. పద్ధతి పాతదే, అప్పటికీ పెద్దగా మారలేదు. గుంటూరులో మిరప వ్యాపారి టిక్కీలను (మిరపకాయల బస్తాలను) తన గోడౌనులోనే పేర్చుకుంటాడు, తలుపుకు తాళం మాత్రం బ్యాంకుది. బయట బ్యాంకు పేరుతో బోర్డు, లోపల వరసకు ఎన్ని టిక్కీలు, ఎన్ని వరసలు అని రాసిన స్టాకు కార్డు. వంద రూపాయల సరుకుకు అరవయ్యో డెబ్బయ్యో ఇచ్చి మిగిలింది మార్జినుగా ఉంచుకుంటాం. వ్యాపారి కొంత సొమ్ము కడితే దానికి సరిపడా టిక్కీలు విడుదల చేయమని కాగితం రాసిస్తాం, మా గోడౌను కీపరు వెళ్ళి తాళం తీసి, లెక్కపెట్టి ఇచ్చి, మళ్ళీ తాళం వేసి తాళంచెవి శాఖకు తెస్తాడు. మిరపకాయ ఎండేకొద్దీ తూకం తరుగుతుంది కనుక మార్జిను లెక్క నెలనెలా చూసుకోవాలి. వరస వెనుక ఖాళీ వదిలి ముందు మాత్రం నిండుగా పేర్చే ఘనులు ఉంటారు, అందుకే కొత్తగా చేరిన ఆఫీసరు చేత ఒకసారైనా టిక్కీల పైకి ఎక్కించి వెనక్కు చూడమనేవాళ్ళం. దగ్గు, కళ్ళ మంట అందులో అదనం. ఈ అప్పు మూడు నాలుగు నెలల్లో తిరిగి వస్తుంది. పొలం మీద ఇచ్చినది అలా రాదు.

1930ల ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి, దాని వెంట పొలం ధరా పడిపోయినప్పుడు పొలాన్ని నమ్ముకుని అప్పులిచ్చిన వారంతా ఇరుక్కుపోయారు. 1938లో మద్రాసు ప్రభుత్వం రైతు రుణ విమోచన చట్టం తేవలసి వచ్చింది. అదే ఏడాది తిరువాన్కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడి దక్షిణాది డిపాజిటుదారులంతా బెదిరిపోయారు. ఆ దశాబ్దం దాటి నిలిచిన ప్రాంతీయ బ్యాంకుల్లో ఆంధ్రా బ్యాంకు ఒకటి.

తర్వాతి చరిత్ర చాలాచోట్ల దొరుకుతుంది కనుక త్వరగా చెబుతాను. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు కూలిన తర్వాత చిన్న బ్యాంకులను పెద్దవాటిలో కలపడానికి రిజర్వు బ్యాంకు పూనుకుంది. 1962 జనవరి 1 నుంచి డిపాజిట్లకు బీమా వచ్చింది, మొదట్లో దాని పరిమితి 1,500 రూపాయలు. ఆ దశాబ్దంలోనే, 1964లో, భారతలక్ష్మి బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో కలిసింది. 1969 జూలైలో 14 బ్యాంకులను జాతీయం చేసినప్పుడు గీత 50 కోట్ల డిపాజిట్ల దగ్గర గీశారు, ఆంధ్రా బ్యాంకు అందులోకి రాలేదు. 1980 ఏప్రిల్ 15న 200 కోట్ల గీత మీద మరో ఆరింటిని జాతీయం చేసినప్పుడు వచ్చింది. 1981లో క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో మొట్టమొదటిది అని మా వాళ్ళు గర్వంగా చెప్పుకునేవారు, మొదటివాటిలో ఒకటి అంటే పేచీ ఉండదు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆ యూనియన్ బ్యాంకు 1919లో బొంబాయిలో పుట్టింది, అంటే మన బ్యాంకు కంటే నాలుగేళ్ళే పెద్దది. గుంటూరు కేంద్రంగా నడిచిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకుకు స్పాన్సరు బాధ్యత కూడా ఆంధ్రా బ్యాంకు నుంచే యూనియన్ బ్యాంకుకు వెళ్ళింది.

ఇక మీ కాగితాలు. 1980 జాతీయకరణలో ప్రభుత్వం పాత కంపెనీ వ్యాపారాన్ని, ఆస్తి అప్పులను తీసుకుని కొత్త చట్టబద్ధ బ్యాంకుకు అప్పగించింది. దానికి పరిహారం పాత కంపెనీకి ముట్టింది. కాబట్టి 1950ల షేరు 1980 తర్వాతి ఆంధ్రా బ్యాంకులో షేరుగా మారలేదు. 2001లో ఆంధ్రా బ్యాంకు మళ్ళీ ప్రజలకు షేర్లు అమ్మింది. 2020 విలీనంలో 1,000 షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చినది ఈ కొత్త షేర్లకే. మీ సర్టిఫికెట్‌ను చూపించి ఆ లెక్కన లక్షలు వస్తాయని, ముందుగా కొంత ఫీజు కట్టమని ఎవరైనా అంటే నమ్మకండి.

పాస్‌బుక్కు సంగతి వేరు. ఖాతాలో నిజంగా నిల్వ మిగిలి ఉంటే ఆ హక్కు పోదు. పదేళ్ళు ఎవరూ కదపని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి జమ చేస్తాయి, ఈ ఏర్పాటు 2014 నుంచి ఉంది. అయినా వారసులు ఆ శాఖ ద్వారానే అడగవచ్చు. ఎవరూ అడగని డిపాజిట్లను వెతకడానికి 2023లో వచ్చిన రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్‌లో తాతగారి పేరుతో ముందు వెతకండి. ఇంటిపేరు, అక్షరక్రమం పాత రికార్డుల్లో రకరకాలుగా ఉంటాయి కనుక రెండు మూడు విధాలుగా ప్రయత్నించండి. దొరికినా దొరకకపోయినా పాస్‌బుక్కు నకలు, మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం తీసుకుని, పాస్‌బుక్కు మీద ఏ శాఖ పేరు ఉందో ఆ శాఖ ఇప్పుడు ఏ యూనియన్ బ్యాంకు శాఖలో కలిసిందో కనుక్కుని అక్కడికే వెళ్ళండి. పాస్‌బుక్కులో చివరి ఎంట్రీ పక్కన ఖాతా మూసినట్టు ముద్రో, అడ్డగీతో ఉందేమో ముందే చూసుకోండి. ఉంటే ప్రయాణం దండగ.

సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించకండి, పాత కాగితం ఆ వేడికి పాడవుతుంది. ముందు వైపు ఫోటో ఒక్కటే పంపారు, వెనుక వైపు బదిలీ వివరాలు రాసే గడులు ఉంటాయి. అది కూడా పంపితే ఆ షేరు మొదట ఎవరి పేరున జారీ అయిందో, మీ తాతగారి పేరు మీదికి ఎప్పుడు వచ్చిందో చూసి చెబుతాను.